ఊటబాయి లోపల ఒకరు

ల్యాంపు రూం ఎట్లుంటదో చూడనోళ్లకు ముందుగల జర చెప్పాలె. బొగ్గుబాయి మూతి పక్కన పొడుగు రేకుల షెడ్డు. గోడ పొడుగూత కొక్కాలు, కొక్కేనికొక ల్యాంపు, కింద చార్జింగు. బ్యాటరీల ఆసిడ్ వాసన ముక్కులు కోసేది. బాయిల దిగేటోడు తన నంబరున్న ఇత్తడి బిల్లను కిటికీల నుంచి ఇచ్చి ల్యాంపు తీస్కపోతడు. ఎక్కినంక ల్యాంపు ఇచ్చి బిల్ల వాపస్ తీస్కుంటడు. అంతదనుక ఆ బిల్ల బోర్డు మీద కొట్టిన ఇనుప మొలకు వేలాడుతది. మొలకు బిల్ల ఉందంటే మనిషి లోపల ఉన్నడన్నట్టు.

ఇంకో కట్టుబాటు గూడ ఉండె. మనిషి మొఖం చూడంది బిల్ల తియ్యద్దు. అన్న బిల్ల తమ్ముడడిగినా ఇయ్యరు. దిగనోడి బిల్లను మొలకు తగిలియ్యరు. "ఉత్తగ తగిలిస్తే బాయి పిలుస్తది బిడ్డా" అనేటోడు ఊటబాయి ల్యాంపు రూం బుచ్చిరాములు. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వను.

నా పేరు ప్రమోదిని. తొంభై మూడు, తొంభై నాలుగు నాటి ముచ్చట. లక్సెట్టిపేట దిక్కు మా కంపెనీకి మూడు బాయిలుండె. పెద్దబాయి, గుట్టబాయి, ఊటబాయి. మూడు ల్యాంపు రూములల్ల మూడు కంప్యూటర్లు పెట్టిచ్చిండ్రు. వాటికి ప్రోగ్రాంలు రాసేది మా ఆఫీసు. ఒక్కో బాయి పని ఒక్కో తీరు, అందుకని ఒక్కోదాని ప్రోగ్రాం వేరే. కాని మూడింటి కడుపుల ఒకటే ముక్క ఉండేది. ఎవరు దిగిండ్రు, ఎవరెక్కిండ్రు, లోపల ఎంతమంది ఉన్నరు... గదంతా చూసే ముక్క. దాన్ని ఉమ్మడి ఫైలు అనేటోళ్లం. రాసింది నేనే. హాజరు ప్రోగ్రాం దాని మీదనే నడుస్తది, ల్యాంపుల ప్రోగ్రాం దాని మీదనే నడుస్తది.

ఒకింటి తోడుతోని మూడిండ్లల్ల పెరుగు తోడేసుకున్నట్టు అనుకోండ్రి. తోడు చెడితే మూడిండ్ల పెరుగు చెడుతది. అందుకే ఫైలు మార్చినప్పుడల్లా ఫ్లాపీ పట్టుకొని మూడు బాయిలు తిరగాలె. ఒకదానికొకటి తీగ లేదాయె. కొత్త ఫైలు ఎక్కిచ్చినంక ఆ కంప్యూటర్ నెత్తి మీద ఎర్ర చీటి అతికియ్యాలె. ఎర్ర చీటి ఉందంటే అందరు నమ్మాలె. ఆ రూలు గూడ నేనే పెట్టిన.

ఆ ఎండకాలం ఫైలుల ఒక తప్పు దొరికింది. షిఫ్టు మారంగనే ఆ షిఫ్టోళ్లందరు ఎక్కినట్టే లెక్క తీసుకుంటుంది అది. మరి డబల్ డ్యూటీల ఉండిపోయినోడు? వాడు లోపలనే ఉంటడు, కంప్యూటర్ మాత్రం ఎక్కిండంటది. కూసున్నకాడనే కూసొని సక్కగ చేసిన. పెద్దబాయిల ఎక్కిచ్చిన, గుట్టబాయిల ఎక్కిచ్చిన. ఊటబాయికి పోదామనేసరికి వాన. నడుమనున్న ఒర్రె, చిన్న వాగు, పొంగింది.

మా పెద్దసారు దామోదర్‌రావు. ఇస్త్రీ మడత నలగనియ్యడు, నోట్లె వక్కపలుకు లేనిది మాట రాదు. "నేను అటే పోతున్న ప్రమోదినీ, లక్సెట్టిపేటల మా చుట్టాల లగ్నం ఉన్నది. ఒర్రె తగ్గినంక దారిల ఎక్కిచ్చిపోత, ఫ్లాపీ ఇటియ్యి" అన్నడు. ఇచ్చిన. ఆయన ఊటబాయి కాడ జీపు ఆపిండు, దిగిండు, ఎర్ర చీటి అతికిచ్చిండు, పోయిండు. ఫ్లాపీ సంచిల నుంచి తియ్యనే లేదు. బ్యాండు మోత వినవడుతుందని తొందర. ఇదంతా డ్రైవర్ దేవదాస్ నాకు తర్వాత చెప్పిండు.

గా వారంలనే ఊటబాయి లోపల ఒక దిక్కు బొగ్గు రాజుకుంది. పొగ. కిరసనాయిలు లెక్క వాసన. బాయి మేనేజర్ జనార్దన్‌రావు అందరిని ఎక్కియ్యుమన్నడు. గాలి పోకుంట ఆ దారికి అడ్డం గోడ కట్టాలె, లేకుంటే బాయి మొత్తం అంటుకుంటది. ల్యాంపు రూం కంప్యూటర్ 'లోపల: 0' అని చూపెట్టింది.

"సార్, 417 ల్యాంపు రాలే. బిల్ల మొలకే ఉన్నది" అన్నడు బుచ్చిరాములు. 417 అంటే హనుమంతు. పంపు కలాసి, బాయిల ఊరే నీళ్లు తోడేటోడు. రిలీవరు రాక డబల్ డ్యూటీల ఉన్నడు.

"కంప్యూటర్ సున్న అంటుంటే నీ మొల సంగతేందయ్యా?" అన్నడట జనార్దన్‌రావు. అయినా మా ఆఫీసుకు ఫోన్ కొట్టిండు. ఫోనెత్తింది దామోదర్‌రావు. నేను ఎదురుంగనే ఉన్న, నా చెవులతోని విన్న.

"ఎర్ర చీటి ఉన్నదా లేదా? ఉన్నదా! మరి ఫికరెందుకు సార్, కట్టియ్యుండ్రి."

కట్టిండ్రు.

తర్వాత ఏమన్నరో తెలుసా? హనుమంతు తాగుబోతట. ల్యాంపు తీస్కొని దిగకుంటనే మహారాష్ట్రకు పారిపోయిండట. ఇద్దరు పెద్దమనుషులు, దామోదర్‌రావు, జనార్దన్‌రావు, సంతకాలు పెట్టి పైకి రాసిండ్రు. ఎంక్వైరీ సారు వచ్చేలోపల దామోదర్‌రావు చప్పుడు గాకుంట ఊటబాయిల కొత్త ఫైలు ఎక్కిచ్చిండు. ఇంక నా దగ్గర రుజువేముంది, నోరు తప్ప? నోరైతే మస్తుగ వాడిన. దామోదర్‌రావు మొఖం మీదనే అడిగిన, నీకు ఉసురు తగలదా అయ్యా అని. "ఆడపిల్లవు, ఉద్యోగం జాగ్రత్త" అన్నడు. ఎంక్వైరీ సారు చాయ్ తాగి లేచి ఎల్లిపోయిండు.

హనుమంతు భార్య దుర్గవ్వ రోజు మా ఆఫీసు మెట్ల మీద కూసునేది. ఏడ్వకపోయేది. మొగడు లేచిపోయినామె అని నల్లా కాడ ఆడోళ్లు దెప్పితే గూడ బిందె నింపుకొని వచ్చేది. నన్ను చూస్తే మాత్రం నా కొంగు పట్టుకునేది.

"బిడ్డా, గదొక్కటి చెప్పు. మా ఆయన ఎక్కిండా, ఎక్కలేదా? నేను బొట్టు తియ్యాల్నా, ఉంచుకోవాల్నా?"

గోడ పగులగొట్టుండ్రి అని నేనంటే, లోపల నిప్పు ఆరలేదు, తెరిస్తే ప్రమాదం అనేటోళ్లు.

శ్రావణం వచ్చింది. ఒక పొద్దు, ఇంకా షిఫ్టు దిగకముందే, మూడు బాయిల నుంచి ఒకదానెన్క ఒకటి ఫోన్లు. మూడు కంప్యూటర్లల్ల ఒకటే మాట. లోపల: 1. నంబరు 417. హనుమంతు.

పెద్దబాయిల, గుట్టబాయిల వాడు ఏనాడు పనిచెయ్యలే. అక్కడి ఫైళ్లల్ల వాని పేరే లేదు. మూడింటికి తీగ లేదు... ఎట్లొచ్చింది?

"నీ పనే!" అన్నడు దామోదర్‌రావు నా మీదికొచ్చి.

"నా పనైతే మీ పేరు పెడుదును సార్" అన్న. నోరు ఊకోదు కదా నాది.

జీపెక్కిచ్చి తీస్కపోయిండు. పగటీలే అయినా మొగులు గమ్మి దీపాలు పెట్టుకునేటంత చీకటి. పెద్దబాయిల ఆయన చెప్పినట్టే ఉమ్మడి ఫైలు తీసేసిన. తియ్యంగనే అన్నీ ఆగినయి. ల్యాంపులియ్యరాలే, హాజరు పడలే. కిటికీ బయట వరుసల నిలవడ్డోళ్లు ఒర్రుడు మొదలుపెట్టిండ్రు. మొత్తం దాని మీదనే నిలవడి ఉన్నప్పుడు దాన్ని గుంజి బతుకుతరా? నా సంచిల ఉన్న కొత్త ఫ్లాపీ నుంచి మళ్ల ఎక్కిచ్చిన. ఏ పేరు లేని ఖాళీ ఫైలు అది. తెర మీద ముందుగల వచ్చింది 417.

గుట్టబాయిల గూడ అంతే. ఈసారి తెర వెలుగంగనే వాసన వచ్చింది. కిరసనాయిలు లెక్క... తడి బొగ్గు పొగ. దామోదర్‌రావు రుమాలు ముక్కుకు పెట్టుకున్నడు. ఎన్కనుంచి ఎవరో దగ్గిండ్రు. చిన్నగ, రెండుసార్లు. తిరిగి చూస్తే గోడ.

"ఇంటికి పోదాం సార్" అన్న.

"ఊటబాయి చూడంది పోయేది లేదు" అన్నడు. ఆయనకూ భయమైంది, వక్కపలుకు నమలుడు బందయింది. కాని మర్నాడు పైనుంచి ఆఫీసర్లొస్తుండ్రు. హనుమంతు లోపల ఉన్నడని కంప్యూటర్ అంటుంటే, పారిపోయిండని రాసిన సంతకం ఏం గావాలె?

ఊటబాయి చేరేసరికి షిఫ్టోళ్లందరు ఎక్కి పోయిండ్రు. రేకుల మీద వాన. బుచ్చిరాములొక్కడే ఉన్నడు. బోర్డు మీద మొలలన్ని ఖాళీ, ఒక్క 417 బిల్ల తప్ప. అది ఊగుతుంది. గాలి లేదు.

దామోదర్‌రావు కుర్చీ గుంజుకొని కూసున్నడు. "లెక్క ఎక్కడ ఇరుక్కుందో నేనే చూస్త. ముందుగల ఒక పేరు దిగినట్టు పెట్టి చూడాలె." ఆఫీసోళ్లకు గూడ నంబర్లుండె, ఆయన తన నంబరే కొట్టబోయిండు.

బుచ్చిరాములు అడ్డం వచ్చిండు. "వద్దు సార్. దిగకుంట దిగినట్టు పెట్టద్దు. మీ కాళ్లు మొక్కుత."

"నువ్వు నాకు చెప్పేటోడివా, జరుగు."

కొట్టిండు. లోపల: 2.

తర్వాత 417 కొట్టి, ఎక్కినట్టు పెట్టిండు. మొఖం చూడలే. మనిషి లేడు. ఉత్తగ వేలుతోని కొట్టిండు.

తీసుకుంది! పొద్దుగాల నుంచి మొండికేసింది ఇప్పుడు సప్పున తీసుకుంది. లోపల: 1. హనుమంతు పేరు పోయింది. దామోదర్‌రావు పేరు ఒక్కటే మిగిలింది.

"చూసినవా? గింతే!" అని నవ్విండు నా దిక్కు. తన నంబరు కొట్టి ఎక్కినట్టు పెట్టిండు.

కంప్యూటర్ కీచుమంది. తీసుకోలే.

మళ్ల కొట్టిండు. కీచు. మళ్ల. కీచు.

"ప్రమోదినీ... గిదేంది? తియ్యి నా పేరు. జల్ది తియ్యి."

నేను వంగి కొట్టిన. ఆయన మీద ఎంత కోపమున్నా మళ్ల కొట్టిన. కీచు...

కరెంటు పోయింది.

కంప్యూటర్ తెర మాత్రం ఆరలే. ఆకుపచ్చ వెలుగుల లోపల: 1 అని అట్లనే ఉంది. వాన చప్పుడు బందయింది. కురుస్తనే ఉన్నది, నాకు వినవడుతలేదు. వినవడుతున్నది ఇంకొకటి.

బాయి మూతి దిక్కునుంచి బూట్లు. నీళ్లు నిండిన బూట్లు. చప్... చప్... ఏం తొందర లేదు. డ్యూటీ అయి వచ్చేటోడి నడక. కిటికీ కాడికొచ్చి ఆగినయి.

దగ్గు. రెండుసార్లు.

బోర్డు మీద బిల్ల మొలనుంచి జారిన చప్పుడు.

"ఎవరు?" దామోదర్‌రావు గొంతు లేదు, గాలే ఉన్నది.

"ఎక్కిన సార్" అన్నడు కిటికీ బయటోడు. మెల్లగ. "మీరు దిగుండ్రి."

నేను కండ్లు మూసుకున్న. దేవుని పేరు గూడ యాదికి రాలే. కుర్చీ నేల మీద రాసుకున్నట్టు అయింది... నా చెంపకు తడి గాలి కొట్టింది... ఎవరో నా పక్కనుంచే పోయిండ్రు, ఇద్దరు. ఒకరు నడుస్తుండ్రు, ఒకరిని నడిపిస్తుండ్రు.

కరెంటొచ్చింది. వాన చప్పుడొచ్చింది. కుర్చీ ఖాళీ. ఆయన గొడుగు గోడకు ఉంది, చెప్పులు కుర్చీ కింద ఉన్నయి. 417 మొల ఖాళీ. 417 కొక్కేనికి మాత్రం ల్యాంపు ఉంది, నాచు పట్టి, నీళ్లు కారుకుంట. బుచ్చిరాములు ముట్టుకొని చెయ్యి వెనక్కి గుంజుకున్నడు. వెచ్చగున్నదట.

పోలీసులొచ్చిండ్రు, చుట్టాలొచ్చిండ్రు, ఒర్రెల గాలిచ్చిండ్రు. కంప్యూటర్ లోపల ఉన్నడంటుంది, గోడ పగులగొట్టుండ్రి అని నేను ఒర్రిన. హనుమంతు కోసం పగలని గోడ దామోదర్‌రావు కోసం పగిలింది. పెద్దమనిషాయె మరి! గోడ కట్టింది కట్టినట్టే ఉండెనట. సిమెంటు ఎక్కడ పెచ్చు లేవలే, ఒక్క ఇటుక కదలలే. అవతల దామోదర్‌రావు ఉన్నడు. నెత్తికి ల్యాంపు. పది వేళ్ల గోర్లు లేవు. గోడకు లోపలి దిక్కు ఎర్ర చీటి అతికిచ్చి ఉంది. హనుమంతు సద్ది డబ్బ దొరికింది, పంపు పక్కన. హనుమంతు దొరకలే.

పైకి తెచ్చినంక బుచ్చిరాములు బట్ట జరిపి మొఖం చూసిండు. తల ఊపిండు. నేను నంబరు కొట్టిన. తీసుకుంది. లోపల: 0. మూడు బాయిలల్ల సున్న. నేను గుక్కపెట్టి ఏడ్చిన. ఆయన కోసం కాదు, సున్నను చూసి.

పోలీసులు సద్ది డబ్బ నా చేతులనే పెట్టి దుర్గవ్వకు ఇయ్యుమన్నరు. పోయేసరికి ఆమె పొయ్యి ముందట ఉన్నది. బొట్టు పెట్టుకుంది, పెద్దగ. పక్కన గోడ గూట్లె ఇత్తడి బిల్ల. 417.

"గడప మీద ఉండె బిడ్డా" అన్నది. "వచ్చిండు."

ఇల్లంతా చూసిన. ఎవరు లేరు. తానం చేసే జాలాట్ల నుంచి నీళ్లు పోతున్నయి, నల్లగ, బొగ్గు కడిగిన నీళ్లు. ఆమె రెండు తలెలల్ల అన్నం పెట్టింది. నా దిక్కు వంగి చెవుల చెప్పింది.

"పానం మంచిగ లేదు, మాట్లాడడు. డ్యూటీ ఇంకా అయిపోలేదంటడు. ఒక సంతకమే అయిందట."

సద్ది డబ్బ ఆడనే పెట్టి ఉరికొచ్చిన.

జనార్దన్‌రావు అప్పటికే బదిలీ చేయించుకొని ఆసిఫాబాద్ దిక్కు పోయిండు. కొత్త కొలువు, మంచి బంగ్లా. ఆయనకు మా బాయిలతోని ఇంక ఏ సంబంధం లేదు. దసరా ముందట ఒక సెలవునాడు మధ్యాహ్నం నేను ఊటబాయి ల్యాంపు రూంల ఉన్న. ఎండ మంచిగ కొడుతుంది. బుచ్చిరాములు చాయ్ పోస్తుండు. తెర మీద సున్న పోయి ఒకటొచ్చింది.

లోపల: 1. జనార్దన్‌రావు.

పెద్దబాయికి ఫోన్ చేస్తే ఆడ గూడ అదే. గుట్టబాయిల అదే. ఆయనంటే నాకు కచ్చె ఉంది, దాచుకోను. అయినా మనిషి కదా. ఆసిఫాబాద్‌కు ఫోన్ కలిపిచ్చిన.

"ఏందమ్మా?" అన్నడు మామూలుగనే. "ఇప్పుడే తిన్న, వరండల కూసున్న."

"సార్, ఉన్నకాడనుంచి ఇటు రాండ్రి. బుచ్చిరాములు మీ మొఖం చూస్తే ఎక్కినట్టు పెడుత. మీ కాళ్లకు దండం పెడుత, రాండ్రి."

"పిచ్చి లేసిందా నీకు?" అన్నడు. తర్వాత, "ఉండు. కరెంటు పోయింది... ఎవరో వచ్చిండ్రు" అన్నడు.

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. నేను చెవికి ఒత్తుకున్న. చప్... చప్... నీళ్లు నిండిన బూట్లు. దగ్గు, రెండుసార్లు. "ఎవరయ్యా నువ్వు?" అన్నడు ఆయన, దూరం నుంచి. జవాబుకు బదులు ఇంకో చప్పుడు మొదలైంది. ఇటుక మీద తాపితోని కొట్టే చప్పుడు. టక్... టక్... ఒక ఇటుక మీద ఇంకో ఇటుక. ఆయన అరుపు ఇటుక ఇటుకకు సన్నవడుకుంట పోయింది.

ఫోన్ కట్టయింది. నేను బోర్డు దిక్కు చూసిన. ఖాళీగ ఉన్న 417 మొలకు బిల్ల వేలాడుతుంది. తడిగ ఉంది, ఊగుతుంది.

కిటికీ కాడ నీడ పడ్డది. దుర్గవ్వ. బొట్టు మెరుస్తుంది. సద్ది డబ్బ కిటికీల నుంచి లోపలికి పెట్టింది.

"మా ఆయన డ్యూటీల దిగిండా బిడ్డా?" అన్నది. "జల్దిల సద్ది మరిచిపోయిండు."